అమ్మానాన్నలకున్న మెదడు జబ్బు పిల్లలకూ వస్తుందా? జీన్ టెస్ట్‌కు డబ్బులు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

హైదరాబాద్: ఇంట్లో పెద్దాయనకు మతిమరుపు మొదలైంది. మొదట పేర్లు మర్చిపోయారు, ఇప్పుడు ఇంటి దారే మర్చిపోతున్నారు. లేదంటే అమ్మకు చెయ్యి వణుకుతోంది, అడుగు తీసి అడుగు వేయడానికి టైమ్ పడుతోంది. డాక్టర్ దగ్గరికి వెళితే అల్జీమర్స్ అనో, పార్కిన్సన్స్ అనో చెబుతారు. ఆ మాట విన్న వెంటనే పిల్లల మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే... ‘రేపు మాకూ వస్తుందా?’

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా డయాగ్నస్టిక్ సెంటర్లే. షుగర్, థైరాయిడ్ టెస్టులు చేయించుకున్నంత తేలిగ్గా ఇప్పుడు జీన్ టెస్టుకూ రక్తం ఇచ్చి రావచ్చు. శాంపిల్ ఇక్కడ తీసుకుని పెద్ద ల్యాబ్‌కు పంపిస్తారు. కొన్ని వారాల్లో రిపోర్ట్ ఫోన్‌కే వచ్చేస్తుంది. కానీ ఆ రిపోర్ట్‌లో ఏముందో, దాన్ని పట్టుకుని ఏం చేయాలో చాలామందికి తెలియదు.

అసలు విషయం ఏంటంటే... ‘వంశపారంపర్యం’ అని అందరం ఒకే మాట వాడతాం గానీ, మెదడు జబ్బులు ఒక తరం నుంచి మరో తరానికి వెళ్లే దారులు మూడున్నాయి. ఒక దారిలో పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. ఇంకో దారిలో నాలుగో వంతు. మూడో దారిలో మాత్రం రిస్క్ కొంచెం పెరుగుతుంది, అంతే. మన దగ్గర కనిపించే అల్జీమర్స్, పార్కిన్సన్స్ కేసుల్లో ఎక్కువ భాగం ఈ మూడో దారివే. మీ కుటుంబం ఏ దారిలో ఉందో తెలియకుండా టెస్ట్ చేయించుకుంటే... అనవసరంగా భయపడొచ్చు, లేదా అనవసరంగా ధీమాగా ఉండిపోవచ్చు.

ఈ జబ్బులన్నింటికీ ఉన్న పోలిక ఇదీ..

మెదడులో, వెన్నుపాములో ఉండే నరాల కణాలు మెల్లమెల్లగా చనిపోవడమే ఈ జబ్బుల మూలం. డాక్టర్లు వీటిని న్యూరో డీజెనరేటివ్ జబ్బులు అంటారు. చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది. చనిపోయిన మెదడు కణాల స్థానంలో మాత్రం అలా కొత్తవి పుట్టుకురావు. అందుకే పోయిన శక్తి తిరిగి రావడం కష్టం.

ఏ భాగంలో కణాలు పోతే ఆ పని దెబ్బతింటుంది. జ్ఞాపకశక్తికి సంబంధించిన చోట మొదలైతే అల్జీమర్స్. కదలికలను నడిపించే డోపమైన్ తయారుచేసే కణాలు పోతే పార్కిన్సన్స్. కండరాలకు ఆర్డర్లు ఇచ్చే కణాలు పోతే ఏఎల్‌ఎస్. నడకలో బ్యాలెన్స్ చూసుకునే చిన్న మెదడు దెబ్బతింటే అటాక్సియా. చాలా జబ్బుల్లో కణాల్లోని ప్రొటీన్లు సరిగ్గా మడతపడక, ముద్దలు ముద్దలుగా పేరుకుపోవడం కనిపిస్తుంది. అల్జీమర్స్‌లో ఆ ప్రొటీన్లు అమిలాయిడ్, టావ్. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్.

ఇది మనకు దూరంగా ఉన్న సమస్య కూడా కాదు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే దాదాపు 88 లక్షల మంది. డిమెన్షియా అంటే రోజువారీ పనులు చేసుకోలేనంతగా మతి, ఆలోచన దెబ్బతినడం. అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్.

జీన్‌ల లెక్క సింపుల్‌గా..

మన కణాల్లో ప్రొటీన్లు తయారుచేసే జీన్‌లు సుమారు 20 వేలు ఉంటాయి. ఒక్కో జీన్ ఒక వంటకం రాసిపెట్టిన కాగితం లాంటిది. దాన్ని చూసే కణం ప్రొటీన్ తయారు చేసుకుంటుంది. దాదాపు ప్రతి జీన్‌కూ మన దగ్గర రెండు కాపీలు ఉంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకోటి నాన్న ఇచ్చింది. మనం పిల్లలకు ఇచ్చేటప్పుడు ఆ రెండింట్లో ఏదో ఒకటే వెళుతుంది. ఏది వెళుతుందన్నది బొమ్మా బొరుసూ వేసినట్టే.

ఈ ఒక్క విషయం గుర్తుంటే మూడు దారులూ తేలిగ్గా అర్థమవుతాయి.

మొదటి దారి: ఒక్క తప్పు కాపీ చాలు

కొన్ని జబ్బుల్లో రెండు కాపీల్లో ఒకటి చెడినా చాలు, జబ్బు వస్తుంది. తల్లికో తండ్రికో ఆ జబ్బు ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. ఇక్కడ చాలామంది పొరబడతారు. నలుగురు పిల్లలుంటే కచ్చితంగా ఇద్దరికే వస్తుందని కాదు. ప్రతి కాన్పుకూ నాణెం మళ్లీ కొత్తగా ఎగరేసినట్టే. నలుగురికీ రావచ్చు, ఒక్కరికీ రాకపోవచ్చు. ఆడా మగా తేడా కూడా లేదు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ హంటింగ్టన్స్ జబ్బు. నాలుగో క్రోమోజోమ్ మీద ఉండే ఒక జీన్‌లో సీఏజీ అనే మూడక్షరాల ముక్క పదేపదే రిపీట్ అవుతుంది. 26 సార్ల వరకు ఉంటే సమస్య లేదు. 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, సాధారణ ఆయుష్షు బతికిన వాళ్లకు ఎప్పటికైనా జబ్బు వస్తుంది. 36 నుంచి 39 మధ్య ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. లక్షణాలు ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య మొదలవుతాయి. చేతులు, కాళ్లు వాటంతట అవే కదలడం, కోపం, డిప్రెషన్, ఆలోచన తగ్గిపోవడం... అప్పటికే పెళ్లయి, పిల్లలు కూడా పుట్టి ఉంటారు.

ఈ జీన్ జాడ 1983లో దొరికింది. వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద పెద్ద కుటుంబాల రక్త నమూనాలు అందుకు సాయపడ్డాయి. నాన్సీ వెక్స్లర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లి ఆ కుటుంబాల వంశవృక్షాలు సేకరించారు. ఆమె తల్లికీ ఇదే జబ్బు. జాడ దొరికాక అసలు జీన్‌ను పట్టుకోవడానికి మరో పదేళ్లు పట్టింది. అది 1993లో.

మన దేశంలో ఇదే దారిలో వచ్చే ఇంకో జబ్బుల గుంపు ఉంది. అదే స్పైనో సెరెబెల్లార్ అటాక్సియా. డాక్టర్లు ఎస్‌సీఏ అంటారు. ఇందులో చాలా రకాలున్నాయి, వాటికి నంబర్లు ఉంటాయి. ఎస్‌సీఏ1, ఎస్‌సీఏ2 మన దేశంలో తరచూ కనిపించే రకాల్లో ఉన్నాయి. ప్రపంచంలో చాలా అరుదైన ఎస్‌సీఏ12 మాత్రం ఉత్తర భారతంలోని ఒక సామాజిక వర్గంలో ఎక్కువగా బయటపడింది. నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, చేతిలో గ్లాసు నిలవదు. చూసేవాళ్లు ‘పొద్దున్నే తాగేశాడు’ అంటారు. చుక్క ముట్టని మనిషి కూడా ఈ మాట పడాల్సి వస్తుంది.

ఈ రకం జబ్బుల్లో ఇంకో చిత్రం ఉంది. రిపీట్‌ల సంఖ్య తరం మారేకొద్దీ పెరగొచ్చు. తాతకు 55 ఏళ్లకు మొదలైన జబ్బు తండ్రికి 45కే, కొడుక్కి 35కే కనిపించవచ్చు. ‘ఒక్కో తరానికీ ముందుకు జరుగుతోంది’ అని ఇళ్లలో పెద్దలు అనే మాట వెనకున్నది ఇదే.

అల్జీమర్స్‌లోనూ ఈ దారి ఉంది గానీ చాలా అరుదు. ఏపీపీ, పీఎస్‌ఈఎన్1, పీఎస్‌ఈఎన్2 అనే మూడు జీన్‌లలో ఏదో ఒకదాంట్లో తేడా వస్తే చిన్న వయసులోనే, అంటే ఎక్కువగా 65 ఏళ్లలోపే జబ్బు మొదలవుతుంది. మొత్తం అల్జీమర్స్ కేసుల్లో ఇవి ఒక్క శాతం కూడా ఉండవు. అంటే 75 ఏళ్ల తాతకు మతిమరుపు వచ్చిందంటే దాదాపుగా అది ఈ దారి కాదన్నమాట.

రెండో దారి: రెండు కాపీలూ చెడితేనే... మేనరికం లెక్క ఇక్కడే

కొన్ని జబ్బుల్లో ఒక కాపీ చెడినా మనిషికి ఏమీ కాదు. రెండో కాపీ పని నడిపించేస్తుంది. అలాంటి వాళ్లను క్యారియర్లు అంటారు. వాళ్లు జీవితాంతం ఆరోగ్యంగానే ఉంటారు. తమలో ఆ తేడా ఉందని కూడా తెలియదు. అయితే భార్యాభర్తలిద్దరూ ఒకే జీన్‌కు క్యారియర్లయితే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ‘మా వంశంలో ఎవరికీ లేదు, వీడికెలా వచ్చింది?’ అని తల్లిదండ్రులు తలపట్టుకునేది ఇలాంటప్పుడే. ఎవరికీ లేకపోవడం ఈ దారిలో మామూలు విషయం.

తెలుగు ఇళ్లలో మేనరికాలు కొత్త కాదు. ఆస్తి చీలిపోదని, అమ్మాయి కళ్లముందే ఉంటుందని చేసుకుంటారు. జీన్‌ల లెక్కలో చూస్తే... మేనమామ, మేనకోడళ్ల జీన్‌లలో సగటున నాలుగో వంతు ఒకే మూలం నుంచి వచ్చినవే ఉంటాయి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య అయితే ఎనిమిదో వంతు. కాబట్టి ఒకే తప్పు కాపీ ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం బయటి సంబంధాల కంటే పెరుగుతుంది. అలాగని మేనరికం చేసుకున్న వాళ్లందరి పిల్లలకూ జబ్బులు వస్తాయని కాదు. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు.

‘మాది మేనరికం కాదు కదా’ అనుకునే వాళ్లూ ఒక సంగతి తెలుసుకోవాలి. ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ మీదుగా వెళితే వచ్చే హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీనిపై చేసిన పని ప్రపంచం దృష్టికి వెళ్లింది. లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం, అమెరికాలోని హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. మన దేశంలో చాలా వర్గాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, వందల వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని అందులో తేలింది. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన మరో పరిశోధనలో దక్షిణాసియాకు చెందిన 263 వర్గాలను చూస్తే, 81 వర్గాల్లో ఈ ప్రభావం చాలా బలంగా కనిపించింది. దగ్గరి చుట్టరికం లేకపోయినా, ఒకే వర్గంలో సంబంధం చేసుకుంటే ఎక్కడో పాత తరంలో మూలం కలిసే అవకాశం ఉంటుందన్నమాట.

దీనికి తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. అది మెదడు జబ్బు కాదు గానీ విషయం అర్థం కావడానికి పనికొస్తుంది. ఆపరేషన్ అప్పుడు కండరాలు వదులు కావడానికి ఇచ్చే ఒక రకం మందును ఒంట్లో విరగ్గొట్టే ఎంజైమ్, వైశ్య వర్గంలోని కొందరిలో తక్కువగా ఉంటుంది. ఆ మందు ఇస్తే తిరిగి తేరుకోవడానికి చాలా సేపు పడుతుంది. ఈ సంగతి ఇప్పుడు మత్తు డాక్టర్లకు తెలుసు కాబట్టి ముందే అడిగి జాగ్రత్త పడతారు. ఇందులో ఏ వర్గం తప్పూ లేదు. ప్రతి వర్గంలోనూ ఇలాంటివి ఏవో కొన్ని ఉంటాయి. ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు, అంతే.

చిన్న వయసులో వచ్చే పార్కిన్సన్స్‌లో కొన్ని కేసులు ఈ దారిలోనే వస్తాయి. అందులో ముఖ్యమైన పార్కిన్ అనే జీన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1998లో గుర్తించారు. 40 ఏళ్లు నిండకముందే వణుకు, కాలి వేళ్లు మెలితిరగడం వంటివి మొదలైతే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు.

మందు ఉన్న జబ్బు ఇది.. ఆలస్యమైతేనే ప్రమాదం

రెండో దారిలో వచ్చే వాటిలో ప్రతి కుటుంబం తెలుసుకోవాల్సిన పేరు విల్సన్స్ జబ్బు. మనం తినే తిండిలో కొద్దిగా రాగి ఉంటుంది. ఎక్కువైన రాగిని కాలేయం బయటికి పంపేస్తుంది. ఏటీపీ7బీ అనే జీన్ రెండు కాపీలూ చెడితే ఆ పని ఆగిపోతుంది. రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో పేరుకుపోతుంది.

చదువుకునే పిల్లాడి చేతిరాత ఉన్నట్టుండి పాడవుతుంది. మాట నట్టుతుంది, చొంగ కారుతుంది, చేతులు వణుకుతాయి, చీటికీమాటికీ కోపం వస్తుంది. కొందరికి ముందు కామెర్లలా వస్తుంది. ఇంట్లో వాళ్లు దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో తాయెత్తులు కట్టిస్తారు. ఈలోపు నెలలు గడిచిపోతాయి.

నిజానికి దీన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. రక్తంలో సెరులోప్లాస్మిన్ టెస్ట్, 24 గంటల మూత్రంలో రాగి ఎంత ఉందో చూసే టెస్ట్, కంటి డాక్టర్ మెషీన్‌తో నల్లగుడ్డు చుట్టూ గోధుమ రంగు ఉంగరం ఉందేమో చూడటం... వీటితో చాలావరకు తేలిపోతుంది. రాగిని బయటికి పంపే మందులు, రాగి ఒంటికి పట్టకుండా చేసే జింక్ మందులు ఉన్నాయి. జీవితాంతం వాడాలి. త్వరగా మొదలుపెడితే చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ మామూలుగానే సాగుతాయి.

ఇక్కడే జీన్ టెస్ట్ అసలు విలువ తెలుస్తుంది. ఇంట్లో ఒక బిడ్డకు విల్సన్స్ అని తేలితే, పైకి ఆరోగ్యంగా కనిపించే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు కూడా తప్పనిసరిగా పరీక్ష చేయించాలి. వాళ్లలో ఒక్కొక్కరికీ 25 శాతం అవకాశం ఉంది. లక్షణాలు రాకముందే మందు మొదలైతే మెదడు దాకా దెబ్బ వెళ్లకుండా ఆపవచ్చు. ఒక బిడ్డ రిపోర్ట్ ఇంకో బిడ్డ జీవితాన్ని కాపాడుతుంది.

మూడో దారి: రిస్క్ పెంచే జీన్‌లు.. తలరాత కాదు

ఇక ఎక్కువమందికి సంబంధించిన దారి ఇదే. అరవై, డెబ్బై దాటాక వచ్చే మామూలు అల్జీమర్స్‌లో ఏ ఒక్క జీనూ ‘నేనే కారణం’ అని చెప్పదు. పదుల కొద్దీ జీన్‌లు తలా కొంచెం రిస్క్ పెంచుతాయి, తగ్గిస్తాయి. వాటికి వయసు, బీపీ, షుగర్, అలవాట్లు తోడవుతాయి.

ఈ గుంపులో పెద్ద పేరు ఏపీఓఈ. ఇందులో 2, 3, 4 అని మూడు రకాలున్నాయి. 4వ రకం కాపీ ఒకటి ఉంటే అల్జీమర్స్ రిస్క్ సుమారు మూడు రెట్లు, రెండు కాపీలూ అదే ఉంటే 8 నుంచి 12 రెట్లు అని చెబుతారు. 2వ రకం ఉంటే రిస్క్ తగ్గుతుంది. అయితే ఈ లెక్కల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్న వాళ్లను చూసి వేసినవి. 4వ రకం ఉన్నా జీవితాంతం అల్జీమర్స్ రాని వాళ్లున్నారు. అది లేకపోయినా వచ్చిన వాళ్లూ చాలామందే ఉన్నారు. అందుకే ఒంట్లో ఏ లక్షణమూ లేని వాళ్లు ‘ఊరికే చూద్దాం’ అని ఈ టెస్ట్ చేయించుకోవాల్సిన పనిలేదని న్యూరాలజీ నిపుణులు చెబుతారు.

పార్కిన్సన్స్‌లోనూ అంతే. వంద మంది పేషెంట్లను తీసుకుంటే దాదాపు 90 మందిలో ‘ఇదిగో ఈ ఒక్క జీన్ వల్లే’ అని వేలు పెట్టి చూపించే కారణం దొరకదు. పైగా దేశాన్ని బట్టి జీన్‌ల లెక్క మారిపోతుంది. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే జీన్‌లో ఒక మార్పు ఉత్తరాఫ్రికా అరబ్బుల్లో, కొన్ని యూదు వర్గాల్లో తరచూ కనిపిస్తుంది. మన దేశంలో అది చాలా అరుదు. విదేశీ లెక్కలతో తయారైన రిపోర్టును మన ఒంటికి అలాగే అతికించుకోలేం. ఈ లోటు తీర్చడానికే జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో దేశంలోని రకరకాల వర్గాల నుంచి 10 వేల మంది పూర్తి జీన్ సమాచారం సేకరించారు. 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇందులో సీసీఎంబీ కూడా భాగస్వామి.

హైదరాబాద్ పేషెంట్లు ప్రపంచానికి చెప్పిన మాట

జీన్‌లు ఒక్కటే అంతా నడిపించవని చెప్పే అధ్యయనాల్లో ఒకటి మన నిమ్స్‌లోనే జరిగింది. న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాడి బృందం, ఎడిన్‌బరో పరిశోధకుడు థామస్ బాక్‌తో కలిసి డిమెన్షియా ఉన్న 648 మంది వివరాలు పరిశీలించింది. 2013లో న్యూరాలజీ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఒకటే భాష వచ్చిన వాళ్ల కంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడే వాళ్లలో డిమెన్షియా సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మెట్లు ఎక్కని వాళ్లలోనూ ఈ తేడా కనిపించడం ఇందులో విశేషం. అంటే ఇది చదువు వల్ల వచ్చిన తేడా మాత్రమే కాదని పరిశోధకులు చెప్పారు.

ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, ఆఫీసులో ఇంగ్లిష్, పక్కింటి వాళ్లతో ఉర్దూ... హైదరాబాదీలకు ఇది రోజూ ఉండేదే. భాష మార్చిన ప్రతిసారీ మెదడుకు కసరత్తే. అయితే భాషలు నేర్చుకుంటే జబ్బు రాదని ఈ అధ్యయనం చెప్పలేదు. కొంతకాలం తట్టుకునే శక్తి మెదడుకు పెరుగుతుందని మాత్రమే సూచించింది. రోజువారీ జీవితంలో నాలుగున్నర ఏళ్లంటే తక్కువేం కాదు. మనవడి పేరు గుర్తుండే నాలుగున్నర ఏళ్లు అవి.

2024లో లాన్సెట్ కమిషన్ ఇచ్చిన నివేదిక ఇంకో అడుగు ముందుకేసింది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ తాగడం, మద్యం, వినికిడి లోపం, చూపు లోపం, తలకు దెబ్బ, ఒంటరితనం, గాలి కాలుష్యం వంటి 14 అంశాలను లెక్కలోకి తీసుకుంది. వీటన్నింటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని అంచనా వేసింది. మూడో దారిలో ఉన్న కుటుంబాలకు వేల రూపాయల జీన్ రిపోర్ట్ కంటే బీపీ మాత్ర మానకుండా వేసుకోవడం, బైక్ మీద హెల్మెట్ పెట్టుకోవడం, చెవి వినపడకపోతే మెషీన్ పెట్టించుకోవడం ఎక్కువ పనికొస్తాయి.

మరి టెస్ట్ ఎవరు చేయించుకోవాలి?

ఈ కింది వాటిలో ఏదైనా మీ ఇంట్లో ఉంటే న్యూరాలజిస్ట్‌తో జీన్ టెస్ట్ గురించి మాట్లాడాల్సిందే.

– అల్జీమర్స్ లాంటి మతిమరుపు 65 ఏళ్లలోపే మొదలవడం
– పార్కిన్సన్స్ లక్షణాలు 40–50 ఏళ్లలోపే రావడం
– వరుసగా రెండు మూడు తరాల్లో ఒకే రకం జబ్బు కనిపించడం
– తూలే నడక, వాటంతట అవే కదిలే చేతులు కాళ్లు ఒకరి కంటే ఎక్కువ మందిలో ఉండటం
– ఏఎల్‌ఎస్ పేషెంట్ ఇంట్లో ఇంకెవరికైనా అదే జబ్బు ఉండటం
– దగ్గరి చుట్టరికంలో పెళ్లి చేసుకున్న వాళ్ల పిల్లల్లో నరాల సమస్య కనిపించడం
– పిల్లల్లో, యువతలో వణుకుతో పాటు కాలేయం సమస్య ఉండటం

టెస్ట్ చేసేటప్పుడు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ముందు జబ్బు ఉన్న మనిషికి చేయాలి. తండ్రిని వదిలేసి ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి టెస్ట్ చేస్తే, ఏమీ లేదని వచ్చినా దానికి అర్థం ఉండదు. తండ్రిలో ఏ జీన్ చెడిందో తెలిస్తేనే కొడుకులో అది ఉందా లేదా అని చూడగలరు.

రెండోది, ‘అన్ని జీన్‌లూ చూసే పెద్ద టెస్ట్’ అంటే అన్ని జబ్బులూ తెలుస్తాయని కాదు. హంటింగ్టన్స్, చాలా రకాల ఎస్‌సీఏల్లో సమస్య అక్షరం మారడం వల్ల రాదు, ఒకే ముక్క ఎక్కువసార్లు రిపీట్ కావడం వల్ల వస్తుంది. మామూలు ఎక్సోమ్ టెస్టులు దాన్ని నమ్మకంగా పట్టుకోలేవు. రిపీట్‌లు లెక్కపెట్టే టెస్ట్ వేరే ఉంటుంది. అది చేయించకుండా ‘నార్మల్’ అని రిపోర్ట్ చూసి సంబరపడిపోతే అసలు జబ్బు దాటిపోతుంది.

మూడోది, రిపోర్ట్‌లో ‘వీయూఎస్’ అని కనిపిస్తే కంగారు పడొద్దు. జీన్‌లో ఏదో మార్పు ఉంది గానీ అది మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదని అర్థం. దాన్ని జబ్బుగా తీసుకోకూడదు. దాన్ని బట్టి పెళ్లి, పిల్లల విషయంలో నిర్ణయాలు అసలే తీసుకోకూడదు.

నాలుగోది, మందు లేని జబ్బులకు ఆరోగ్యంగా ఉన్న మైనర్లకు టెస్ట్ చేయరు. హంటింగ్టన్స్ ఉన్న తండ్రి కొడుకు పెద్దయ్యాక తెలుసుకోవాలా వద్దా అన్నది అతని ఇష్టం. తెలుసుకోకుండా ఉండే హక్కూ ఉంది. అందుకే టెస్ట్‌కు ముందు, తర్వాత జెనెటిక్ కౌన్సెలింగ్ ఉండాలంటారు.

జీన్ తెలిస్తే మందు మారుతుందా?

ఇప్పుడిప్పుడే మారుతోంది. ఎస్‌ఓడీ1 అనే జీన్ వల్ల వచ్చే ఏఎల్‌ఎస్‌కు టోఫర్సెన్ అనే ఇంజెక్షన్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2023 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. ఆ జీన్‌లో తేడా ఉన్న వాళ్లకే అది పనికొస్తుంది. అల్జీమర్స్‌కు వచ్చిన లెకానెమాబ్ విషయంలో లెక్క ఇంకోలా ఉంది. ఏపీఓఈ 4వ రకం రెండు కాపీలున్న వాళ్లకు మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఎక్కువ. కాబట్టి ఆ మందు ఇచ్చే ముందు ఈ టెస్ట్ చేయాలని డాక్టర్లకు సూచిస్తారు. ఇక్కడ టెస్ట్‌కు ఒక పని ఉంది, దాన్ని బట్టి ఒక నిర్ణయం ఉంది.

పిల్లల కోసం చూస్తున్న దంపతులకూ దారులున్నాయి. కుటుంబంలో ఏ జీన్ చెడిందో ముందే తెలిస్తే, గర్భం దాల్చిన తొలి నెలల్లోనే బిడ్డకు ఆ తేడా ఉందో లేదో చూడవచ్చు. చట్టం ప్రకారం జన్యు జబ్బుల కోసం ఈ పరీక్షలకు అనుమతి ఉంది. ఆడా మగా అని చెప్పడం మాత్రం నేరం.

ఎక్కడికి వెళ్లాలి?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులకు ఈ విషయంలో దూరాభారం పెద్దగా లేదు. పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీతో పాటు మెడికల్ జెనెటిక్స్ విభాగం కూడా ఉంది. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే మెట్రోలోనే, రైలు మారకుండా దిగవచ్చు. జీన్ పరీక్షల్లో నిమ్స్‌తో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉంది. ఎల్బీనగర్ నుంచి నాగోల్ మీదుగా ఇన్నర్ రింగ్ రోడ్డులో వెళితే వస్తుంది. బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్, జన్యు జబ్బుల ఆస్పత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందు న్యూరాలజిస్ట్‌కు చూపించి, ఆయన రాసిచ్చిన చీటీతో వెళ్లడం మేలు. ఏ టెస్ట్ కావాలో తేల్చాల్సింది డాక్టరే. ల్యాబ్ కౌంటర్‌లో ప్యాకేజీ చూసి ఎంచుకునే విషయం కాదిది.

దాచిపెడితే ఎవరికి నష్టం?

చాలా ఇళ్లలో ఈ జబ్బుల గురించి మాట్లాడరు. ‘సంబంధాలు చెడిపోతాయి, చెల్లి పెళ్లి ఆగిపోతుంది’ అన్న భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఇన్సూరెన్స్ విషయంలోనూ ఇలాంటి వివాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. జన్యు లోపం పేరుతో హెల్త్ క్లెయిమ్‌లు తోసిపుచ్చడం వివక్షేనని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అమెరికాలో దీనిపై 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి రిపోర్ట్‌ను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఆలోచించాలి. అది ఒక్కరి రిపోర్ట్ కాదు, రక్తసంబంధం ఉన్న అందరి సమాచారం.

కానీ డాక్టర్ దగ్గర దాస్తే మాత్రం నష్టం మనకే. బాబాయ్‌కి ‘తాగుడు వల్ల’ నడక పోయిందన్న మాట నిజమేనా? చిన్నప్పుడే పోయిన మేనత్తకు అసలు ఏమైంది? తాత చివరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టకపోవడం ఏ వయసులో మొదలైంది? జీన్ డాక్టర్ ముందుగా అడిగేవి ఇవే. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఒక తెల్లకాగితం తీసుకుని మూడు తరాల పేర్లు, ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో మొదలైంది, ఎవరిది మేనరికం అని రాసుకుంటే చాలు. మీ కుటుంబం మూడు దారుల్లో ఏ దారిలో ఉందో డాక్టర్‌కు సగం తెలిసిపోయేది ఆ కాగితంతోనే. ఇంట్లో ఇవన్నీ గుర్తున్న పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. లక్షణాలు ఉన్నా, టెస్టులు, మందుల గురించి సందేహాలున్నా డాక్టర్‌ను సంప్రదించి వారి సలహా మేరకే నడుచుకోవాలి. వాడుతున్న మందులను సొంతంగా ఆపవద్దు.